పవర్ అదే 265, పెరిగింది టార్క్

1964లో జాగ్వార్ కంపెనీ తన ఈ-టైప్ స్పోర్ట్స్ కారు ఇంజిన్‌ను 3.8 లీటర్ల నుంచి 4.2 లీటర్లకు పెంచింది. కంపెనీ చెప్పిన పవర్ మాత్రం పాతదానికీ 265 హార్స్‌పవరే, కొత్తదానికీ 265 హార్స్‌పవరే. పెరిగింది టార్క్ ఒక్కటే. 260 పౌండ్-అడుగులది 283 అయింది. ఇప్పటి కొలతలో చెప్పాలంటే సుమారు 352 న్యూటన్ మీటర్లు కాస్తా 384 అయ్యాయి. 450 సీసీ పైగా పెంచి ఒక్క హార్స్‌పవర్ కూడా రాబట్టలేకపోయారా?

ఈ ఇంజిన్ కథ రెండో ప్రపంచ యుద్ధంలో మొదలైంది. బాంబులు పడితే మంటలార్పడానికి కోవెంట్రీ ఫ్యాక్టరీలో ఉద్యోగులు వంతులవారీగా రాత్రి కాపలా ఉండేవారు. ఇంజినీర్లు విలియం హైన్స్, వాల్టర్ హాసన్, క్లాడ్ బెయిలీ యుద్ధం ముగిశాక చేయబోయే ఇంజిన్ గురించి చర్చించుకున్నది ఆ రాత్రుల్లోనే. సిలిండర్ హెడ్ రూపకల్పనలో హ్యారీ వెస్లేక్ చెయ్యి ఉంది. 1948లో లండన్ మోటార్ షోలో ఎక్స్‌కే120 కారుతో అది జనం ముందుకొచ్చింది. వరసగా ఆరు సిలిండర్లు, పైన రెండు క్యామ్‌షాఫ్ట్‌లు, 3.4 లీటర్లకు 160 హార్స్‌పవర్. తర్వాత లె మాన్ 24 గంటల రేసును అయిదుసార్లు గెలిచిన కార్లలోనూ ఉన్నది ఈ ఎక్స్‌కే ఇంజినే.

టార్క్ అంటే క్రాంక్‌షాఫ్ట్‌ను మెలితిప్పే బలం. పొడుగు పిడి ఉన్న స్పానర్‌తో బిగుసుకుపోయిన నట్టు సులువుగా ఊడినట్టే, ఇక్కడా బలంతో పాటు దూరమూ లెక్కే. ఆ మెలితిప్పుడు ఎంత వేగంగా జరుగుతోందన్నది కూడా కలిపితే వచ్చేది పవర్. పౌండ్-అడుగుల్లో ఉన్న టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 5252తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది.

4000 ఆర్‌పీఎం దగ్గర లెక్క వేసి చూడండి. పాత ఇంజిన్‌కు 198, కొత్తదానికి 216 హార్స్‌పవర్. రోజూ కారు నడిపేవాడికి పనికొచ్చే తేడా అది. 5400, 5500 దగ్గరికి వచ్చేసరికి రెండూ 265 దగ్గరే కలుస్తాయి.

కారణం పైనున్న హెడ్డే. సిలిండర్లను వెడల్పు చేయడానికి బ్లాక్‌లో చోటు చాలక చివరి రెండింటిని బయటికి, మధ్య రెండింటిని దగ్గరికి జరిపారు. హెడ్ మాత్రం పాత కొలతలతోనే ఉంచారు. దాంతో కొన్ని సిలిండర్లకూ వాటి పైనున్న కంబస్చన్ ఛాంబర్లకూ నడిమధ్య గీత కలవదు. చూస్తే నాటుపనిలా ఉంటుంది, కానీ పనిచేసింది. కార్బ్యురేటర్లూ పాత మూడే. నిదానంగా తిరిగేటప్పుడు పెద్ద సిలిండర్లు కడుపునిండా గాలి పీల్చుకుంటాయి, టార్క్ పెరుగుతుంది. వేగం పెరిగాక పీల్చే దారి సరిపోదు.

ఇంకో మెలిక, ఆ 265 'గ్రాస్' లెక్క. ఫ్యాన్, సైలెన్సర్ లాంటి పవర్ తినే సరంజామా తీసేసి టెస్ట్ బెంచ్ మీద కొలిచినది. 1971లో ఈ-టైప్‌కు 5.3 లీటర్ల వీ12 పెట్టి 272 హార్స్‌పవర్ అని ప్రకటించారు. రెట్టింపు సిలిండర్లకు ఏడే ఎక్కువా అనిపిస్తుంది. కానీ ఆ 272 సరంజామా అంతా తగిలించి, జర్మన్ డిన్ పద్ధతిలో కొలిచిన అంకె.