టికెట్ జీరో... టైమ్ జీరో కాదు!

నర్సింగ్ కాలేజీ మీ ఊరికి దూరమా? రానూపోనూ నాలుగు గంటలు బస్సులోనో రైల్లోనో గడిచిపోతోందా? అయితే ఒకసారి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరవండి. రోజుకు నాలుగు గంటలు, వారానికి ఆరు రోజులు... మొత్తం 24 గంటలు. అంటే వారంలో ఒక పూర్తి రోజు దారిలోనే అయిపోతోంది. ఎనిమిది గంటల డ్యూటీలు మూడు చేసినంత సమయం అది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం అమల్లోకి వచ్చాయి. అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. అబ్బాయిలకు స్టూడెంట్ పాస్ ఉంది. ఇంకేం, ‘హాస్టల్ ఖర్చు ఎందుకు, రోజూ వెళ్లి రా’ అనే మాట ఇంట్లో తేలిగ్గానే వచ్చేస్తుంది. కండక్టర్ ఇచ్చే టికెట్ మీద సున్నా ఉంటుంది, నిజమే. కానీ ఆ ఛార్జీ మీ నిద్రలోంచి పోతుంది. అందుకే దూర ప్రయాణంలో ముందు కాపాడుకోవాల్సింది నిద్ర. చదువు సంగతి ఆ తర్వాతే.

ఇంజినీరింగ్ లెక్క ఇక్కడ కుదరదు

నేను ఇంజినీరింగ్ నాలుగేళ్లూ కాలేజీ బస్సులో తిరుగుతూ చదివాను. మాలో ఎవరైనా క్లాసులో కునుకు తీసినా, సాయంత్రం ఫ్రెండ్ నోట్స్ జిరాక్స్ తీసుకుంటే పనైపోయేది. వార్డులో ఆ వెసులుబాటు లేదు. 500 ఎం.ఎల్. సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి, సెట్ ఎం.ఎల్.కు 20 చుక్కలది అనుకోండి. నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. నిద్ర చాలని బుర్రతో ఇలాంటి లెక్క తప్పితే ఇబ్బంది పడేది మంచం మీదున్న పేషెంట్.

హాజరు సంగతీ అంతే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం బీఎస్సీ నర్సింగ్‌లో పరీక్ష రాయాలంటే థియరీ, ప్రాక్టికల్స్‌లో కనీసం 80 శాతం హాజరు ఉండాలి. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్స్‌లో 100 శాతం పూర్తి కావాలి. బస్సు తప్పి పోస్టింగ్ పోతే, దాన్ని మళ్లీ పూర్తి చేయాల్సిందే.

వెనక నుంచి లెక్కేయండి

పోస్టింగ్ ఉదయం ఎనిమిదింటికి అనుకుందాం. 7.45కల్లా వార్డులో ఉండాలి. ప్రయాణం రెండు గంటలైతే 5.45కి బస్సు ఎక్కాలి. స్టాప్‌కి నడక, తయారవడం కలుపుకొంటే 4.45కి లేవాలి. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర అవసరం. కాబట్టి 9.45కి లైటు ఆర్పేయాలి. సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరితే స్నానం, భోజనం, యూనిఫాం పనులు పోను చదువుకి మిగిలేది గంటన్నర. ఆ గంటన్నరని రికార్డులు, కేర్ ప్లాన్లు వంటి కూర్చుని రాసే పనులకే ఉంచండి. మిగతావి దారిలోకి మార్చండి.

దారిలో ఏం చదవాలి?

బస్సులో కొత్త పాఠం మొదలుపెట్టకండి, ఎక్కదు. క్లాసులో విన్నదాన్ని మళ్లీ గుర్తుచేసుకోవడానికైతే బస్సు బాగా పనికొస్తుంది. కదిలే బస్సులో పుస్తకం చూస్తే కడుపులో తిప్పుతుందా? అయితే వినండి. అనాటమీ, ఫిజియాలజీ పాయింట్లను మీ గొంతుతోనే అయిదేసి నిమిషాల ముక్కలుగా రికార్డు చేసుకోండి. చదివేటప్పుడు ఒకసారి, వినేటప్పుడు ఇంకోసారి... రెండుసార్లు రివిజన్ అవుతుంది.

చూస్తూ చదవగలిగేవాళ్లకు ఆంకీడ్రాయిడ్ యాప్ ఉంది, ఉచితం. ఒకవైపు మందు పేరు, మరోవైపు దాని పని, సైడ్ ఎఫెక్ట్స్ రాసి కార్డులు తయారు చేసుకోండి. మీరు మర్చిపోతున్న కార్డులను తరచూ, గుర్తున్నవాటిని అరుదుగా అదే చూపిస్తుంది. ఫైనలియర్ వాళ్లయితే ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల కోసం జరిగే నార్‌సెట్ పాత ప్రశ్నలను రోజుకు ఇరవై చొప్పున చేయొచ్చు.

ఒక్క జాగ్రత్త. పేషెంట్ కేస్ షీట్ ఫొటో తీసి బస్సులో చదవడం, పేరు చెప్పి ఫోన్‌లో మాట్లాడటం వద్దు. పక్క సీట్లో ఆ పేషెంట్ బంధువే ఉండొచ్చు.

ఇక సాయంత్రం సీటు దొరికితే మొహమాటపడకుండా కళ్లు మూసుకోండి. స్టాప్‌కి పది నిమిషాల ముందు మోగేలా టైమర్ పెట్టుకుంటే చాలు.

ఫోన్‌ని సిద్ధం చేయండి

ఆడియోలు, పీడీఎఫ్‌లు రాత్రే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. దారిలో సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. తెలంగాణ ఆర్టీసీ బస్సు ఎక్కడుందో ‘గమ్యం’ యాప్‌లో చూడొచ్చు. ఏలూరు నుంచి విజయవాడకో, భువనగిరి నుంచి సికింద్రాబాద్‌కో రైల్లో వెళ్లేవాళ్లకు ‘వేర్ ఈజ్ మై ట్రైన్’ ఉండనే ఉంది. రైల్లో ఉన్నప్పుడు నెట్ లేకపోయినా సెల్ టవర్ల ఆధారంగా రైలు ఎక్కడుందో అది పట్టేస్తుంది. తెల్లవారుజామున, చీకటి పడ్డాక ప్రయాణించేవాళ్లు లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్లకి షేర్ చేయండి. ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. అత్యవసరమైతే 112.

బ్యాగు, బాక్సు, బాటిల్

వార్డులో వేసుకున్న యూనిఫాంతోనే బస్సెక్కకండి. మార్చుకుని, విడిగా ఒక కవర్లో పెట్టి, ఇంటికొచ్చాక వేరుగా ఉతకండి. పొద్దున్నే టిఫిన్ దిగదంటారా? ఉడికించిన గుడ్డు, అరటిపండు, పల్లీ చిక్కీ బ్యాగులో ఉంచుకోండి. ఖాళీ కడుపుతో వార్డులో గంటల తరబడి నిలబడితే కళ్లు తిరుగుతాయి. దారిలో బాత్‌రూమ్ ఉండదని నీళ్లు మానేసే అమ్మాయిలు ఎందరో. మూత్రనాళ ఇన్ఫెక్షన్ల గురించి మీకు నేను చెప్పాలా? కాలేజీకి చేరగానే తాగండి, బయల్దేరే ముందు బాత్‌రూమ్‌కి వెళ్లండి.

నైట్ డ్యూటీ దిగాక బండి నడుపుతూ ఇంటికి రావద్దు. బస్సులో రండి, లేదంటే కాస్త పడుకుని బయల్దేరండి.

హాస్టల్ ఎప్పుడు?

ఇవన్నీ చేసినా వారాల తరబడి ఆరు గంటల నిద్ర కూడా దొరకట్లేదా? పోస్టింగులు పోతున్నాయా? అయితే తప్పు మీ క్రమశిక్షణది కాదు, దూరానిది. ఏడాదంతా హాస్టల్ భారం అనుకుంటే, పోస్టింగులు, పరీక్షలు ఉన్న నెలలకైనా అక్కడో, స్నేహితులతో రూములోనో ఉండొచ్చేమో కాలేజీలో అడగండి. అడగడంలో నామోషీ ఏమీ లేదు.

ఇంట్లో ఒప్పించాలంటే వాదన కన్నా లెక్క పనిచేస్తుంది. ఈ సోమవారం నుంచి శనివారం దాకా ఎన్నింటికి లేచారు, ఎన్ని గంటలు దారిలో ఉన్నారు, ఎన్నింటికి పడుకున్నారు... ఒక తెల్లకాగితం మీద రాయండి. ఆదివారం అమ్మానాన్నల ముందు ఆ కాగితం పెట్టి మాట్లాడండి.