ఆర్నెల్ల తరువాత సొంత గడప

చెన్నైలో విమానం దిగి, కారెక్కి, తిరుత్తణి దాటి నగరి దగ్గరికి వచ్చేసరికి మన కొండలు మొదలవుతాయి. పుత్తూరు కూడా దాటాక దూరంగా తిరుమల కొండ. చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. 'అమ్మయ్య, ఊరొచ్చేసింది' అనుకుంటాం. ఆర్నెల్లుగా ఎదురు చూసిన ఘడియే అది. మరి కళ్లలో నీళ్లెందుకు తిరుగుతున్నట్టు?

తిరుపతి, చిత్తూరు వీధుల్లో ఇలాంటి తల్లులు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కూతురి పురుటికో, కోడలు తిరిగి ఉద్యోగంలో చేరితే మనవడిని చూసుకోవడానికో అమెరికా వెళ్లి వచ్చినవాళ్లు. విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలల వరకూ ఉండనిస్తారు. వెళ్లేటప్పుడు నెల ముందు నుంచే హడావుడి... ఊరగాయలు, పొడులు, పాపాయికి ఉగ్గుగిన్నె. తిరిగి రావడం గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు. 'మనింటికి మనం వస్తున్నాం, దానికీ ఏర్పాట్లేనా?' అనిపిస్తుంది. పొరబాటు అక్కడే!

వెళ్లేముందే కొంత...

ఇంటి తాళంచెవి ఒకటి నమ్మకమైన వాళ్లకు ఇచ్చి వెళ్లండి. 2021 నవంబరులో తిరుపతిని వానలు ముంచెత్తినప్పుడు తాళం వేసిన ఇళ్ల పరిస్థితి ఏమై ఉంటుందో ఆలోచించండి. ఫ్రిజ్ ఖాళీ చేసి, స్విచ్చి తీసి, తలుపు కొంచెం తెరిచి ఉంచితే వాసన పట్టదు. మన సెల్‌ఫోన్ సిమ్‌ను 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని రద్దు చేయవచ్చు. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలన్నీ ఆ నంబరుకే కదా! కాబట్టి ముందే కనుక్కుని, రీచార్జి చేయించుకోండి. ఒంటిమీద నగలతో వెళ్తుంటే బయల్దేరే రోజే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లకు చూపించి సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు 'ఇవి మావే' అని నిరూపించుకునే తిప్పలుండవు. మీవారు కేంద్ర ప్రభుత్వ పింఛనుదారైతే ఏటా నవంబరులో ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

తాళం తీయగానే

ఏప్రిల్‌లో వెళ్లినవాళ్లు వచ్చేది అక్టోబరులో. మన వైపు వానలు పట్టే రోజులు. తలుపు తీయగానే ముక్క వాసన, మూలమూలనా బూజు. గ్యాస్ వాసన ఏమాత్రం వచ్చినా లైటు స్విచ్చి ముట్టుకోకండి. ముందు తలుపులు, కిటికీలు తెరవండి. మిద్దె మీది ట్యాంకులో నెలల తరబడి నిలిచిన నీళ్లు వాడకూడదు. ట్యాంకు కడిగించాకే నింపుకోవాలి. పూలకుండీల కింది పళ్లేలు, పెరట్లోని డబ్బాలు, బకెట్లు బోర్లించండి. డెంగ్యూ దోమ పెరగడానికి వారం పది రోజులు నిలిచిన నీళ్లు చాలు!

రాత్రి రెండింటికి మెలకువ

అమెరికా తూర్పు తీరానికీ మనకూ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటల తేడా. ఒంట్లోని గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పునే సర్దుకుంటుంది. అందుకే వారం పది రోజులు రాత్రి రెండింటికి మెలకువ, మధ్యాహ్నం మూడింటికి మత్తు. ఇది జబ్బు కాదు. పొద్దున్నే కాసేపు ఎండలో నడవండి. పగలు పడుకున్నా అరగంటకు మించకుండా లేవండి. చక్కెర, బీపీ మందులు ఏ వేళకు మార్చుకోవాలో ప్రయాణానికి ముందే డాక్టరును అడగాలి. విమానంలో గంటలకొద్దీ కూర్చున్నాక ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా 'ప్రయాణ బడలికే'లెమ్మని ఊరుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

దిగులుకు సిగ్గెందుకు?

"ఏమక్కా, ఎప్పుడొస్తిరి? మనవడు ఎట్లుండాడు?" అంటూ ఇరుగుపొరుగు చేరతారు. చాక్లెట్లు పంచుతాం, రోడ్ల గురించి, మంచు గురించి చెబుతాం. కొడుకూ కోడలూ పనికి వెళ్లాక పలకరించే మనిషి లేక కిటికీ దగ్గర నిలబడిన మధ్యాహ్నాలు చెప్పం. మే నెలలో గంగమ్మ జాతర ఫోన్లో చూస్తూ కళ్లు తుడుచుకున్నది చెప్పం. ఇంటికొచ్చాక బోసి నవ్వు గుర్తొచ్చి మెతుకు గొంతు దిగలేదనీ చెప్పం. అక్కడ ఇల్లు గుర్తొచ్చింది, ఇక్కడ బిడ్డ గుర్తొస్తున్నాడు. రెండూ నిజమే. నాలుగు రోజులు దిగులుపడితే తప్పేముంది? అక్కడ బిడ్డ నిద్రపోయే ఎనిమిది గంటలు మనకు తెల్లవారి అయిదున్నర. ఎలాగూ మెలకువే కదా, వాడు నిద్రపోయేముందు వీడియోలో ఒక పాట పాడండి!

వచ్చిన రోజే వంటింట్లోకా?

ఇక అసలు సంగతి. అక్కడ మీవారు ఏం చేశారో గుర్తుందా? మొదట్లో మొహమాటపడినా, నెల తిరక్కుండా అంట్లు డిష్‌వాషర్‌లో సర్దారు. చెత్త బయట పెట్టారు. మీరు పాపాయికి నీళ్లు పోస్తుంటే తువ్వాలు పట్టుకుని నిలబడ్డారు. ఉతికిన బట్టలు మడతపెట్టారు. పనిమనిషి లేని ఇల్లు, అల్లుడు కూడా చేస్తున్న పని... తనూ చేశారు. చూసి మురిసిపోయాం.

ఇక్కడ గడప దాటిన అయిదు నిమిషాలకే వాలుకుర్చీలోంచి కేక వినబడుతుంది. "ఏమేవ్, కాస్త కాఫీ!"

ఆర్నెల్లు అంట్లు సర్దిన చేతులు ఒక్క పూటలో పని ఎలా మరిచిపోయాయి? మరవలేదు. చూసేవాళ్లు మారారు, అంతే. ఎదురింటివాళ్లు చూస్తే ఏమనుకుంటారో అని సంకోచం. నిజం చెప్పాలంటే మనమూ తక్కువ తినలేదు. 'మీరు లేవండి, నేను చూసుకుంటా' అని చీపురు లాక్కునేది మనమేగా! ప్రయాణం ఇద్దరూ చేశారు, నిద్రలేమి ఇద్దరికీ ఉంది. బూజు దులపడం మాత్రం ఒకరి వంతే ఎందుకవ్వాలి?

మొదటి మూడు రోజులు కూరా పులుసూ పెట్టుకోకపోతే కొంపలేం మునగవు. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి చాలు. ఆర్నెల్లు నోరు చవిచచ్చినవాళ్లకు అదే అమృతం. సంగటి మీరు కెలికితే ఊరిబిండి ఆయన్ని నూరమనండి. పెట్టెల్లోంచి చీరలు, చాక్లెట్లు, సెంటు సీసాలు తీసి సర్దేటప్పుడు ఆయన అక్కడ నేర్చుకున్న ఆ నాలుగు పనులు కూడా మరిచిపోకుండా బయటికి తీయండి. వాటికి బరువు లేదు, కస్టమ్స్ వాళ్లూ అడ్డుపెట్టరు!