స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సహాయపత్రాల తెలుగు అనువాదాలు: నిర్వహణ – పాఠపరిష్కరణ దృక్పథం

వ్యాససంగ్రహం:
స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే సహాయపత్రాలను తెలుగులోకి అనువదించడం ఒక పని, ఆ అనువాదాన్ని మూలంతో సమానంగా నిలుపుకోవడం మరొక పని. రెండవది జరగకపోతే అనువాదమే పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది. డెబియన్ ప్యాకేజీల పద్ధతిని ఆధారంగా తీసుకొని, ఈ నిర్వహణ ఎలా జరుగుతుందో, అందులో తెలుగు పరిశోధకుల పాత్ర ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, డెబియన్, ప్యాచ్, అనువాదం, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:
తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద లభించాయి. వాటిని పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల ముందున్న మూలం స్థిరమైనది. రేకు మీద చెక్కిన అక్షరం రాత్రికి రాత్రి మారదు. సాఫ్ట్‌వేర్ సహాయపత్రాల అనువాదకునికి ఆ సౌకర్యం లేదు. అతడు అనువదిస్తుండగానే మూలం మారుతూ ఉంటుంది.

2. మూలరచన – ప్యాకేజీ – ప్యాచ్:
1993లో ఆరంభమైన డెబియన్, వేలాది సాఫ్ట్‌వేర్లను సేకరించి ప్యాకేజీలుగా అందించే స్వచ్ఛంద ప్రాజెక్టు. సాఫ్ట్‌వేర్‌ను రాసేవారు వేరు, దానిని ప్యాకేజీగా కూర్చేవారు వేరు. కూర్చేవారు మూలంలో చేయదలచిన మార్పులను నేరుగా కలిపివేయరు. ఏ దస్త్రంలో ఏ పంక్తి తీసివేయాలో, ఏ పంక్తి చేర్చాలో తెలిపే చిన్న దస్త్రాలుగా విడిగా ఉంచుతారు. వీటినే ప్యాచ్‌లు అంటారు. ఇవి ఏ వరుసలో అమలు కావాలో మరొక జాబితా చెబుతుంది. ప్రతి ప్యాచ్ శీర్షంలోనూ దాని ఉద్దేశం, అది ఎక్కడి నుండి వచ్చింది, మూలరచయితలకు పంపారా లేదా, ఈ సమాచారాన్ని చివరిసారి ఎప్పుడు నవీకరించారు అనే వివరాలు రాయాలని డెబియన్ మార్గదర్శకం సూచిస్తుంది. మూలప్రతి ఒకచోట, పరిష్కర్త చేసిన సవరణ మరొకచోట, దానికి కారణం దాని పక్కనే ఉండే ఈ అమరిక మన పరిష్కృత ముద్రణలకు కొత్త కాదు.

3. ఇమిడిన ప్యాచ్‌లోని ప్రమాదం:
కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, ప్యాచ్ తాకవలసిన పంక్తులు మారిపోయి ఉంటే అది ఇమడదు. అప్పుడు పని ఆగిపోతుంది, నిర్వాహకుడు కారణం వెతుకుతాడు. అనువాదం విషయంలో ఈ హెచ్చరిక పనిచేయదు. తెలుగు సహాయపత్రాన్ని పూర్తి దస్త్రంగా చేర్చిన ప్యాచ్‌ను తీసుకుందాం. ఆంగ్ల పత్రం ఎంత మారినా తెలుగు దస్త్రాన్ని ఎవరూ తాకలేదు గనుక ప్యాచ్ ప్రతిసారీ చక్కగా ఇమిడిపోతుంది. లోపల ఉన్నది మూడేళ్లనాటి సమాచారం కావచ్చు. ఒక ఆదేశం కొత్త వెర్షన్‌లో దస్త్రాలను తుడిచివేసేదిగా మారి ఉంటే, ఆంగ్లం చదివినవాడు జాగ్రత్తపడతాడు, మాతృభాషను నమ్మినవాడు నష్టపోతాడు. అనువాదం లేని పత్రం కన్నా కాలం చెల్లిన అనువాదం ప్రమాదకరం కావడానికి ఇదే కారణం.

4. వాక్యస్థాయి పద్ధతి:
దీనికి పరిష్కారం అనువాదాన్ని మూలవాక్యంతో జతచేసి దాచడం. గెట్‌టెక్స్ట్ విధానంలో ప్రతి మూలవాక్యం కిందనే దాని అనువాదం ఉంటుంది. పెద్ద సహాయపత్రాలను పేరాలుగా విడదీసి ఇదే రూపంలోకి తెచ్చే పనిని పీఓ4ఏ అనే ఉపకరణం చేస్తుంది. మూలవాక్యం కొద్దిగా మారితే పాత అనువాదం పోదు, దానిపై ‘ఫజ్జీ’, అంటే సందిగ్ధం, అనే గుర్తు పడుతుంది. మనిషి సరిచూసి ఆ గుర్తు తీసేవరకు పాఠకునికి ఆ చోట ఆంగ్లమే కనిపిస్తుంది. మామూలు అమరికలో, 80 శాతం కన్నా తక్కువ అనువాదమైన పత్రాన్ని పీఓ4ఏ అసలు తయారుచేయదు.

5. తెలుగు వాక్యం – ప్రత్యేక సమస్యలు:
సందిగ్ధమని గుర్తించేది యంత్రం, సందేహం తీర్చవలసింది భాష తెలిసినవారు. ఆంగ్లవాక్యంలో వ్యతిరేకార్థాన్నిచ్చే చిన్న పదం ఒకటి చేరితే యంత్రానికి రెండు వాక్యాలూ దాదాపు ఒకటే. తెలుగులో ‘మార్చవచ్చు’ అన్నది ‘మార్చరాదు’ కావాలి. తొందరలో గుర్తు మాత్రం తీసేస్తే అనువాదం మూలానికి సరిగ్గా వ్యతిరేకమవుతుంది. విభక్తుల ఇబ్బంది మరొకటి. ప్యాకేజీ పేరు వచ్చేచోట మూలంలో ఖాళీ ఉంటుంది. ఏ పేరు వస్తుందో తెలియకుండా దానికి నేరుగా ‘ని’, ‘ను’ చేర్చలేం. అందుకే ‘ప్యాకేజీని’ అనే పదాన్ని పేరు తరువాత ఉంచి, విభక్తిని దానికి చేర్చడం మేలు.

6. పరిశోధకుల పాత్ర:
డెబియన్ స్థాపన కార్యక్రమం తెలుగులోనూ లభిస్తుంది. ఇటువంటి పని ఒకసారి పూర్తయిందని ప్రకటించి వదిలేయదగినది కాదు. తిరుపతిలో 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం, చిత్తూరు ప్రాంత కళాశాలల తెలుగు శాఖలు దీనిని అధ్యయనాంశంగా స్వీకరించవచ్చు. ఒక ప్యాకేజీ కొత్త వెర్షన్‌లో సందిగ్ధమని గుర్తుపడిన వాక్యాలను సరిచూడటం ఒక విద్యార్థి చేయగల పని. అందుకు ప్రోగ్రామింగ్ అక్కరలేదు. మూలాన్ని, అనువాదాన్ని పక్కపక్కన పెట్టి పోల్చే శిక్షణ కావాలి. పాఠాంతరాలను పరిశీలించిన తెలుగు విద్యార్థికి ఆ శిక్షణ ఉంది.

సరిచూసిన అనువాదాన్ని తమ వద్దనే ప్యాచ్‌గా దాచుకోకుండా మూలరచయితలకు పంపడం ముఖ్యం. డెబియన్ 1997లో ప్రకటించిన సామాజిక ఒప్పందంలోనూ తాము చేసిన మెరుగులను మూలరచయితలకు తిరిగి అందించాలన్న నియమం ఉంది. మూలంలో చేరిన అనువాదం అన్ని పంపిణీలకూ చేరుతుంది, నిర్వాహకుడు మారినా నిలుస్తుంది.

7. ముగింపు:
అనువాదాలను ఎన్ని పదాలు అనువదించామన్న లెక్కతో కొలవడం మనకు అలవాటు. సహాయపత్రాల విషయంలో అడగవలసిన ప్రశ్న వేరు: ఈ వాక్యాన్ని ఏ వెర్షన్‌తో, ఎప్పుడు సరిచూశారు? ఆ ప్రశ్నకు సమాధానం ఉన్న పత్రాన్నే తెలుగు పాఠకుడు ధైర్యంగా అనుసరించగలడు.