మొటిమల మందు – మూడు నెలల ఓపిక



ఇవాళ నేను చెప్పబోయేది చాలామంది నవ్వి తీసిపారేసే సంగతి. అదే మొటిమల సంగతి. "వయసు పొంగు, పెళ్ళయితే అవే పోతయి" అన్న మాట మీరూ వినేవుంటారు. అనేవాళ్ళకది చిన్న మాటే. చుట్టాలొస్తే లోపలి గదిలో కూర్చునే పిల్లనడగండి, అదెంత పెద్ద సంగతో చెప్తుంది. నేనూ అట్లా లోపలి గదిలో కూర్చున్నదాన్నే. కనుక ముందు నా అనుభవం చెప్పి, ఆ తర్వాత మీకు పనికొచ్చే నాలుగు విషయాలు చెప్తాను.

2012లో నేను పెద్దపల్లిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రెండు బుగ్గల మీదా, గదుమ మీదా మొటిమలు. మా అమ్మ శనగపిండిలో పసుపు కలిపి పెట్టింది. పక్కింటి వదిన నిమ్మకాయ రుద్దమన్నది. స్నేహితురాలెవరో పళ్ళ పేస్టు పెడితే ఎండిపోతాయన్నది. అన్నీ అయినై. నిమ్మకాయకు మంట, పేస్టుకు మచ్చ మిగిలినై గానీ మొటిమలు పోలేదు. చివరికి ఒక మందుల దుకాణానికి పోయి, "అన్నా, మొటిమలకు ఏదన్న ట్యూబు ఇయ్యి" అని అడిగాను. అతను చీటీ అడగలేదు. "ఇది పెట్టు చెల్లే, వారంల మొఖం తెల్లగయితది" అని చిన్న ట్యూబు చేతిలో పెట్టాడు.

అతను చెప్పినట్టే అయింది. వారంలో మొటిమలు అణిగిపోయినై, ముఖం తెల్లబడ్డది. ఇంట్లో అందరికీ సంతోషం. ఒక ట్యూబు అయిపోతే ఇంకోటి, అట్లా ఎనిమిది నెలలు పెట్టాను. ఒక్క రోజు మానితే చాలు, ముఖం ఎర్రబడి మంట పుట్టేది. ఎండలోకి పోతే కారం రాసినట్టుండేది. బుగ్గల మీద సన్నని ఎర్రని నరాలు కనపడ్డాయి. గదుమ మీద నూగు పెరిగింది. మొటిమలు మళ్ళీ వచ్చినై, ఈసారి ముందుకంటే ఎక్కువ.

అప్పుడు బస్సెక్కి కరీంనగర్ పోయి చర్మవ్యాధుల డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆమె నా ముఖం కంటే ముందు నా సంచిలోని ట్యూబును చూసింది. "ఎన్నాళ్ళ నుంచి పెడుతున్నావమ్మా? ఇందులో మూడు మందులున్నాయి. ఒకటి స్టెరాయిడు. నీ ముఖానికి వచ్చిన జబ్బు ఇప్పుడు మొటిమలు కాదు, ఈ ట్యూబే" అన్నది.

ఆ మాట మీరు జ్ఞాపకం పెట్టుకోండి. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

అసలు మొటిమ ఎట్లా పుడుతుంది? మన చర్మం మీద ప్రతి వెంట్రుక మొదట్లో సన్నని గొట్టం లాంటి రంధ్రం వుంటుంది. దానికి ఆనుకుని నూనె వూరే గ్రంథి వుంటుంది. ఆ నూనె చర్మాన్ని మెత్తగా వుంచుతుంది. ఈడు వచ్చిన పిల్లల్లో హార్మోనుల వల్ల ఈ నూనె ఎక్కువ వూరుతుంది. అదే సమయంలో రంధ్రం లోపలి చర్మకణాలు సరిగ్గా రాలిపోక ముద్దగట్టి మూతి మూసేస్తాయి. కాకతీయ కాలువ తూముకు చెత్త అడ్డంపడితే ఏమవుతుంది? నీళ్ళు వెనక్కి తన్ని గట్టు వుబ్బుతుంది. ఇదీ అంతే. నిలిచిన నూనెలో చర్మం మీద ఎప్పుడూ వుండే సూక్ష్మజీవులు పెరుగుతాయి, చుట్టూ వాపు వస్తుంది, చీము పడుతుంది. మనం మొటిమ అనేది దాన్నే.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుసుకోవాలి. మొదటిది, మొటిమలు మురికి వల్ల రావు. మూతి దగ్గర కనిపించే నల్లటి చుక్క కూడా మట్టి కాదు, లోపలి పదార్థం గాలి తగిలి నల్లబడటమే. కాబట్టి రోజుకు పదిసార్లు సబ్బుతో తోమినా లాభం లేదు, చర్మం గీరుకుపోవడం తప్ప. మెత్తని సబ్బుతో రెండుసార్లు కడిగితే చాలు. రెండోది, మందు పని చెయ్యాల్సింది పైన కనపడే బొబ్బ మీద కాదు, కింద మూసుకుపోయిన తూము మీద. అందుకే మొటిమ వున్న చోట చుక్క పెడితే సరిపోదు, మొటిమలు వచ్చే చోటంతా పలచగా రాయాలి.

ఆ తూము తెరిచే మందుల్లో ముఖ్యమైనవి విటమిన్ ఏ కుటుంబానికి చెందినవి. వాటిలో ట్రెటినాయిన్ మొదటిది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే డాక్టరు, ఆయన సహచరులు అది మొటిమలకు పని చేస్తుందని 1969లో ప్రకటించారు. 1971లో అక్కడి ప్రభుత్వం అనుమతించింది. ఈ కథలో చీకటి వైపు కూడా ఒకటుంది. క్లిగ్‌మన్ ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలులో ఖైదీల చర్మం మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. ఆ ప్రయోగాలు 1974లో ఆగిపోయాయి. ఇవాళ మనం వేలి కొసన తీసుకునే మందు వెనక ఆ మనుషులు పడ్డ బాధ వుందని మరిచిపోగూడదు. తర్వాత ఇదే కుటుంబంలో, మంట కొంచెం తక్కువ పుట్టించే అడాపలీన్ వచ్చింది. అమెరికాలో దానికి 1996లో అనుమతి దొరికింది. మా డాక్టరమ్మ నాకు రాసింది అదే.

ఇక ఈ మందు ఎట్లా రాసుకోవాలో చెప్తాను. నేను మొదట తప్పుగా రాసుకుని నేర్చుకున్న పాఠాలివి.

రాత్రి పడుకునే ముందు ముఖం కడుక్కుని, మెత్తని గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. ఇరవై నిమిషాలు ఆగడం మంచిది. తడి ముఖం మీద రాస్తే మంట ఎక్కువవుతుంది. ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత చాలు. నేను మొదటి రాత్రి వెన్న పూసినట్టు పూశాను, మూడోనాటికి ముఖం తుకతుకలాడింది. ఎక్కువ పూస్తే ఎక్కువ గుణమిస్తుందనుకోవడం భ్రమ. కళ్ళ చుట్టూ, పెదవుల మూలల్లో, ముక్కుపుటాల పక్కన రాయవద్దు. మొదటి రెండు మూడు వారాలు రోజు విడిచి రోజు రాయండి. చర్మం పొడిబారితే డాక్టరు చెప్పిన తేమ లేపనం ఏదైనా పైన రాసుకోవచ్చు.

చాలామంది ఓడిపోయేది ఇక్కడి నుంచే. మొదటి నెలలో ముఖం ఎర్రబడుతుంది, పొట్టు లేస్తుంది, కొందరికి మొటిమలు ముందుకంటే ఎక్కువ కనపడతాయి. "ఈ మందు పడలేదు" అని ట్యూబు మూల పడేస్తారు. అది పడకపోవడం కాదు, చాలావరకు పని మొదలుపెట్టడమే. గుణం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అయితే ముఖం వాచినా, నీటి బొబ్బలు లేచినా ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

ఈ మందు రాసే చర్మానికి ఎండ పడదు. రామగుండం వైపు ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు గదా! పగలు బయటికి పోయేటప్పుడు ఎండ లేపనం రాసుకోండి, చున్నీయో గొడుగో వాడండి. పెండ్లిళ్ళలో నలుగు పెడతామని సున్నిపిండితో గట్టిగా రుద్దనివ్వకండి. ముఖం మీద నూగు తీయించే మైనం పట్టీలు వేయించుకోకండి, చర్మమే ఊడివస్తుంది. తలకు నూనె కారేటట్టు పెట్టే అలవాటుంటే తగ్గించండి, నుదుటి మీది మొటిమలకు అదొక కారణం.

డాక్టర్లు తరచు రాసే ఇంకో మందు బెంజాయిల్ పెరాక్సైడ్. ఇది సూక్ష్మజీవుల్ని చంపుతుంది. దీనితో ఒక చిక్కుంది, గుడ్డ రంగును తినేస్తుంది. నా పెండ్లి పట్టుచీరె అంచు మీద ఈనాటికీ తెల్లటి మరక వుంది. కనుక దిండుకు తెల్లని గలీబు వేసుకోండి. క్లిండమైసిన్ లాంటి యాంటీబయాటిక్ లేపనం రాస్తే దాన్నొక్కదాన్నే నెలల తరబడి వాడకూడదు, సూక్ష్మజీవులు దానికి లొంగకుండా పోతాయి. అందుకే దానికి తోడుగా బెంజాయిల్ పెరాక్సైడ్ ఇస్తారు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. గర్భిణీ స్త్రీలూ, గర్భం కోసం చూస్తున్నవాళ్ళూ ఈ విటమిన్ ఏ జాతి లేపనాలు వాడకూడదు. కొత్తగా పెండ్లయిన పిల్లలు ఈ సంగతి సిగ్గుపడకుండా డాక్టరుకు ముందే చెప్పాలి. ఇదే జాతి మాత్రలు, ఐసోట్రెటినాయిన్ అనేవి, మొండి మొటిమలకు ఇస్తారు. అవి కడుపులోని బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలిగిస్తాయి. వాటిని డాక్టరు కనిపెట్టి చూస్తుండగానే వాడాలి గానీ, స్నేహితురాలి దగ్గర అడిగి మింగేవి కావవి.

ఇప్పుడు నా మొదటి ట్యూబు సంగతికి వస్తాను. అందులోని మూడు మందులు ట్రెటినాయిన్, రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడు. ఇట్లా మూడింటిని కలిపే పద్ధతి కూడా 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే డాక్టర్ల నుంచి వచ్చిందే. వాళ్ళు వేరే స్టెరాయిడు వాడారు. కాని అది మంగుమచ్చల వంటి వాటికి, కొద్దికాలం, డాక్టరు అదుపులో వాడవలసింది. మొటిమలకు గాదు, తెల్లబడటానికి అసలే గాదు. స్టెరాయిడు వాపును అణచిపెడుతుంది కాబట్టి మొదట బ్రహ్మాండంగా కనిపిస్తుంది. తర్వాత చర్మాన్ని పలచన చేస్తుంది, తనే మొటిమలు పుట్టిస్తుంది, మానితే మంట పెట్టి మళ్ళీ తన దగ్గరికే రప్పించుకుంటుంది. కల్లుకు అలవాటుపడ్డ మనిషి వంటిదవుతుంది ముఖం.

నేనొక్కదాన్నే ఇట్లా మోసపోలేదు. దేశంలోని 12 చర్మవైద్య కేంద్రాల్లో, ముఖం మీద జబ్బుతో వచ్చిన 2926 మందిని డాక్టర్లు పరీక్షించి 2011లో లెక్క ప్రకటించారు. అందులో 433 మంది, అంటే 14.8 శాతం, ముఖానికి స్టెరాయిడు లేపనం పూస్తున్నవాళ్ళే. చర్మవైద్యుల సంఘం చాలాకాలం పోరాడిన మీదట, 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడు లేపనాలను చీటీ లేకుండా అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు వుంది గానీ, దాన్ని నిలబెట్టవలసింది కొనే మనం కూడా. ట్యూబు మీది పేర్లు చదవండి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్ అనే పేర్లు కనిపిస్తే, డాక్టరు రాయకుండా దాన్ని ముఖానికి తాకించవద్దు. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు భయపడి దాచుకోకండి, ట్యూబు పట్టుకుని డాక్టరు దగ్గరికి పోండి. ఒక్కసారిగా మానాలా, మెల్లగా తగ్గించాలా అన్నది వారే చెప్పాలి.

నన్ను ఆ ట్యూబు మాన్పించినాక పదిరోజులకు ముఖం మండిపోయింది, ఎర్రగా వాచింది. సరిగ్గా అప్పుడే మాకొక సంబంధం వచ్చింది. "పెండ్లిచూపులు అయ్యేదాకా ఆ పాత ట్యూబే పెట్టుకో బిడ్డా, తర్వాత మానొచ్చు" అని అమ్మ బతిమాలింది. ఆ రాత్రి ట్యూబు మూత తీసి చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు పెట్టుకుంటే పెండ్లినాడూ పెట్టుకోవాలి, ఆ తర్వాతా పెట్టుకోవాలి. ఇక మానే రోజు ఎప్పుడొస్తుంది? మూత పెట్టేశాను. ఎర్రటి ముఖంతోనే వాళ్ళ ముందు కూర్చున్నాను. ఆ సంబంధం కుదరలేదు. ముఖం చూసే కుదరలేదో, ఇంకెందుకో, వాళ్ళూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మంట తగ్గడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత అడాపలీన్ మొదలుపెడితే, మూడో నెల చివర గానీ కొత్త మొటిమలు రావడం ఆగలేదు. మనలాంటి చామనచాయ చర్మాలకు మొటిమ పోయినాక నల్లమచ్చ కొన్ని నెలలుంటుంది. అది మెల్లగా వెలిసిపోతుంది. గిల్లితే మాత్రం గుంట పడుతుంది, గుంట పోదు. నా ఎడమ బుగ్గ మీద రెండున్నాయి. అవి మందు తప్పు కాదు, నా గోళ్ళ తప్పు.

పెద్ద గడ్డల్లాంటి మొటిమలు వస్తున్నా, బహిష్టు క్రమం తప్పుతూ గదుమ మీద వెంట్రుకలు ముదురుతున్నా, పిల్ల దిగులుతో తిండి, బడి మానేస్తున్నా ఆలస్యం చెయ్యకండి. ఇప్పుడు అంత దూరం పోయే పని కూడా లేదు. 2022లో రామగుండంలోనే ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. వైద్య కళాశాల ఆసుపత్రుల్లో చర్మ విభాగం వుంటుంది.

పోయిన ఏడు మా చిన్నమ్మ కూతురు ముఖం చూసి ఎవరో ట్యూబు పేరు చెప్పబోతే, మా అమ్మే అడ్డుకున్నది. "వద్దు బిడ్డా, ముందు డాక్టరుకు చూపెట్టు. మూడు నెలలు పడ్తది, పడనియ్యి" అన్నది. నేను ఇంతసేపు చెప్పినదాన్ని ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. మీ ఇంట్లో పిల్లలకు మీరూ ఆ రెండు ముక్కలు చెప్పండి. సెలవు.