యాత్ర బండికి కొత్త టైర్లు

కార్తీకం వస్తోందంటే శ్రీకాకుళం, నరసన్నపేట, రాజాం, బొబ్బిలి నుంచి యాత్ర బస్సులు బయల్దేరతాయి. కాశీకో, రామేశ్వరానికో, శబరిమలకో. డిక్కీలో బియ్యం బస్తాలు, గుండిగలు, నూనె డబ్బాలు. పైన క్యారియర్ మీద పరుపులు, టార్పాలిన్లు. వెంట వంటవాళ్లు. యాత్ర ముగిసేదాకా ఆ బండే ఇల్లు. విదేశాల్లో మోటార్‌హోమ్ అనే బండి, సినిమా షూటింగుల వల్ల మనకు తెలిసిన కారవాన్, మన యాత్ర బస్సు... టైరు సంగతికొస్తే మూడూ ఒక్కటే. ఏడాదిలో చాలా రోజులు కదలకుండా నిలబడతాయి. ఆ తర్వాత ఒక్కసారిగా నిండా బరువెత్తుకుని దేశం చుట్టేస్తాయి.

అలాంటి బండికి టైర్లు కొనేటప్పుడు మనవాళ్లు మొదట రేటు అడుగుతారు, తర్వాత బటన్ ఎంతుందో చూస్తారు. రెండూ అవసరమే. కానీ వాటికంటే ముందు తెలియాల్సింది బండి బరువు.

ఎందుకంటే బండిని చాలావరకు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. టైరులో 80 పీఎస్‌ఐ గాలి ఉందంటే, నేలను తాకే ప్రతి చదరపు అంగుళం సుమారు 36 కిలోలు మోస్తుందని అర్థం. ఆ టైరు మీద వెయ్యి కిలోలు పడితే నేలను తాకే భాగం సుమారు 28 చదరపు అంగుళాలు, అంటే ఒకటిన్నర పోస్టుకార్డంత. యాత్రికుల ప్రాణాలు రోడ్డును పట్టుకునేది అంత చోటులోనే. గాలి తగ్గినా, బరువు పెరిగినా ఆ చోటు పెరుగుతుంది, టైరు పక్కగోడ ఎక్కువగా వంగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ గోడ ఒకసారి వంగి లేస్తుంది. మినీ బస్సు టైరు కిలోమీటరుకు సుమారు 450 సార్లు తిరుగుతుంది. వంచడానికి పట్టిన శక్తినంతా రబ్బరు తిరిగివ్వదు, కొంత వేడిగా మిగుల్చుకుంటుంది. రోడ్డు మీద టైరు పేలిందంటే మేకు గుచ్చుకుందనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం గంటల తరబడి లోపల పేరుకున్న ఈ వేడే.

అందుకే సామాన్లూ మనుషులూ ఎక్కాక ఒకసారి కాటా వేయించాలి. రైసుమిల్లుల దగ్గర, టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల దారిలో లారీల కాటాలుంటాయి. మొదట ముందు చక్రాలు మాత్రమే కాటా మీదికి ఎక్కించి తూకం చూడాలి, తర్వాత వెనుక చక్రాలు. మొత్తం బరువు హద్దులోనే ఉన్నా, సామానంతా డిక్కీలో వెనక్కి చేరితే వెనుక ఇరుసు హద్దు దాటిపోతుంది. ఒక్క మొత్తం అంకెతో ఆ సంగతి బయటపడదు.

ఇక టైరు గోడ మీది రాత. 215/75 ఆర్ 15 అని ఉందనుకోండి. 215 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం. ఆర్ అంటే రేడియల్. 15 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఇంతవరకు షాపతనూ చెబుతాడు. ఆ పక్కనే 112/110 లాంటి అంకెలు, వాటి వెంట ఒక అక్షరం ఉంటాయి. బరువు సంగతి చెప్పేవి అవే. 112 అంటే ఒంటి చక్రంగా 1120 కిలోలు, 110 అంటే జంట చక్రాల్లో ఒక్కోటి 1060 కిలోలు మోయగలదని. అంటే ముందు రెండు టైర్లకు 2240, వెనుక నాలుగింటికి 4240 కిలోలు. కాటా చీటీలోని అంకెలు వీటికి బాగా లోపల ఉండాలి. చివరి అక్షరం వేగానికి హద్దు. మన దేశంలో అమ్మే బండి టైర్ల మీద ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి, అది కూడా చూసుకోండి.

జంటలో టైరు ఎందుకు తక్కువ మోస్తుంది? మన రోడ్లు నీరు పోవడానికి మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి. జంట టైర్లు రెండూ సమానంగా నేలను తాకవు, ఒకదాని మీద భారం ఎక్కువ పడుతుంది. పైగా పక్కపక్కనే ఉండడంతో గాలి ఆడదు, వేడి త్వరగా పోదు. జంటలో ఒకటి కొత్తది, ఒకటి అరిగినది వేస్తే మరీ నష్టం. పెద్ద టైరు బరువంతా తన మీద వేసుకుంటుంది, చిన్నది తారు మీద ఈడ్చుకుపోతుంది. లారీ డ్రైవర్లు ఆగినచోటల్లా ఇనుప రాడ్డుతో టైర్లు కొట్టి చూస్తారు. గాలి నిండిన టైరు గట్టిగా మోగి రాడ్డును వెనక్కి తన్నుతుంది. గాలి పోయినది మెత్తగా మొద్దు శబ్దం చేస్తుంది. జంటలో లోపలి టైరు గాలి పోయినా బయటిది బండిని నిలబెట్టే ఉంచుతుంది కాబట్టి కంటికి కనిపించదు. లారీలకు పేరుపడ్డ సాలూరు లాంటి ఊళ్లో కుర్రవాళ్లు బండెక్కిన కొత్తలోనే నేర్చుకునే పని ఇది. యాత్ర బస్సు డ్రైవర్లందరికీ ఇది అలవాటు కావాలని నా కోరిక.

ఇప్పుడు వయసు. టైరు గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. బటన్ నిండుగా ఉన్నా టైరు ముసలిదై ఉండొచ్చు. గాలిలోని ఓజోన్ రబ్బరును కొరుకుతుంది. దాన్ని ఆపడానికి తయారీలోనే రబ్బరులో కొన్ని మైనాలు, రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే అవి మెల్లగా పైకి చేరి పూతలా కాపాడతాయి. నెలల తరబడి ఎండలో నిలబడ్డ బండికి ఆ కాపుదల సరిగా అందదు. పక్కగోడ మీద వెంట్రుకల్లాంటి సన్న చీలికలు మొదలవుతాయి. ఐదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించాలని, పదేళ్లు దాటితే ఎలా ఉన్నా తీసేయాలని చాలా కంపెనీలు చెబుతాయి. నిండు బరువుతో యాత్రలు తిరిగే బండికి ఆరేడేళ్లకే మార్చడం మంచిదని నా అభిప్రాయం.

రీబటన్ టైర్లను చిన్నచూపు చూడనక్కర్లేదు. విమానాల టైర్లకు కూడా అరిగిన పైపొర మార్చి మళ్లీ వాడతారు. కానీ బస్సుకు రీబటన్ టైర్లు వెనుక జంటల్లోనే ఉండాలి, ముందు రెండూ కొత్తవే కావాలి. వెనుక జంటలో ఒకటి పోతే రెండోది కాసేపు ఆదుకుంటుంది. ముందు టైరు పేలితే స్టీరింగే చేజారుతుంది. ఇక నైలాన్ టైరును, రేడియల్‌ను ఒకే ఇరుసుకు ఎప్పుడూ కలపకూడదు.

కొత్త టైరు బిగించాక బ్యాలెన్సింగ్. చాలామంది మానేసేదీ, నన్ను ఎక్కువగా బాధపెట్టేదీ ఇదే. ఏ టైరూ, ఏ రిమ్మూ చుట్టూతా ఒకే బరువుతో తయారు కాదు. ఒకచోట కొన్ని గ్రాములు ఎక్కువుంటాయి. అంచు దగ్గర 50 గ్రాముల తేడా ఉందనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో అది చక్రాన్ని సుమారు కిలో బలంతో బయటికి లాగుతుంది. 80 దగ్గర దాదాపు నాలుగు కిలోలు, 100 దగ్గర ఆరు కిలోలు. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగింతలవుతుంది. 80లో చక్రం సెకనుకు పదిసార్లు తిరుగుతుంది కాబట్టి ఆ లాగుడు సెకనుకు పదిసార్లు పైకీ కిందికీ పడుతుంది. ఊళ్లో బాగున్న బండి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కగానే స్టీరింగు వణకడం ఇందుకే. ఆ దెబ్బలన్నీ బేరింగులు, సస్పెన్షన్ భరించాలి. టైరు మచ్చలు మచ్చలుగా అరుగుతుంది.

బ్యాలెన్సింగ్ మిషను చక్రాన్ని గిర్రున తిప్పి, లోపలి అంచుకు ఎన్ని గ్రాములు, బయటి అంచుకు ఎన్ని గ్రాములు ఎక్కడ పెట్టాలో చూపిస్తుంది. రెండు వైపులా ఎందుకంటే, బరువు పైకీ కిందికీ సమంగా ఉన్నా పక్కలకు తేడా ఉంటే చక్రం అటూ ఇటూ ఊగుతుంది. వెడల్పు టైర్లలో ఇది ఎక్కువ. చూపించిన చోట చిన్న తూకం ముక్క బిగించి, మళ్లీ తిప్పి, రెండు వైపులా సున్నా వచ్చేదాకా చూడాలి. ఆ రెండోసారి తిప్పడం మీ కళ్లముందే జరగనివ్వండి. కొన్ని కొత్త టైర్ల మీద పసుపు చుక్క ఉంటుంది. అది టైరులో తేలికైన చోటు. దాన్ని గాలి వాల్వు దగ్గరికి వచ్చేలా ఎక్కిస్తే తూకం ముక్కలు తక్కువ పడతాయి.

మిషను ఎక్కించే ముందు రిమ్ము లోపలి బురద గీకించాలి. వానాకాలంలో పల్లె దారుల్లో తిరిగిన బండి రిమ్ములో వెనకవైపు మట్టి పెళ్లలుగా ఎండి ఉంటుంది. దాంతోనే బ్యాలెన్స్ చేయిస్తే, నాలుగు రోజుల్లో ఆ పెళ్ల రాలిపోయి బండి మళ్లీ వణుకుతుంది. అలైన్‌మెంట్ వేరే పని. అది చక్రాలు నిలిచే కోణాలను సరిచేస్తుంది. బండి ఒక పక్కకు లాగినా, టైరు ఒక అంచునే అరిగినా అప్పుడు కావాల్సింది అది. మళ్లీ బ్యాలెన్సింగ్ సంగతికొస్తే, పెద్ద బస్సు చక్రాలు కార్ల మిషన్ల మీద ఎక్కవు. లారీ చక్రాల మిషను ఉన్న షాపు వెతుక్కుని వెళ్లాలి.

గాలి ఎప్పుడూ పొద్దున బండి కదలక ముందే కొట్టించాలి. 30 డిగ్రీల దగ్గర 80 పీఎస్‌ఐ ఉన్న టైరు 60 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 89 చూపిస్తుంది. అది మామూలే. సాలూరు ఘాట్ దిగి వచ్చాక ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేస్తే, చల్లారాక తక్కువ గాలితో, మరింత వేడి పుట్టించుకునే టైరుతో మిగిలిపోతారు. స్టెప్నీలో కూడా గాలి చూడండి.

యాత్రకు బస్సు మాట్లాడుకునే పెద్దలకు ఒక్క మనవి. అడ్వాన్సు ఇచ్చే ముందు బండి చుట్టూ ఒకసారి తిరగండి. ఆరు టైర్ల మీదా, స్టెప్నీ మీదా ఆ నాలుగంకెలు చదివి కాగితం మీద రాసుకోండి. నిండు బరువుతో కాటా వేయించిన చీటీ చూపించమని ఓనరును అడగండి. చూపించనంటే వేరే బండి మాట్లాడుకోండి.