బ్రేకు తొక్కితే మీటరు లైటు ఎందుకు వెలిగింది?

కోనసీమ నుంచి వచ్చిన ఒక పాఠకుడి ఉత్తరం వారం రోజులుగా నన్ను మరో పని చేసుకోనివ్వలేదు. అన్నదమ్ములిద్దరూ పాత మారుతి 800 ఇంజను కొని, చదరపు పైపులతో ఛాసీ వెల్డింగ్ చేయించి, పైన ఫైబర్‌గ్లాస్ బాడీ బిగించి, రెండేళ్ళు కష్టపడి సొంతంగా కారు కట్టుకున్నారు. తమ కొబ్బరితోటలోనే తిప్పుకుంటున్నారు. వానాకాలం వెళ్ళాక దానికో వింత జబ్బు పట్టుకుంది. బ్రేకు తొక్కితే వెనక ఎర్రలైట్లు గుడ్డిగా వెలుగుతాయి. అదే సమయంలో ఎవరూ స్విచ్చు వెయ్యకుండానే డాష్‌బోర్డులో మీటరు లైటు వెలుగుతుంది, నాలుగు ఇండికేటర్లూ సన్నగా ఎర్రబడతాయి. బ్యాటరీ మార్చారు, ఫ్లాషర్ మార్చారు, బ్రేకు స్విచ్చు కూడా మార్చారు. ఫలితం లేదు. "బల్బులన్నీ తీసి మల్టీమీటరు పెడితే ప్రతి హోల్డర్‌లోనూ 12.6 వోల్టులు చూపిస్తోంది. అన్నిచోట్లా కరెంటు వస్తుంటే ఇక తప్పెక్కడ?" అని అడిగారు.

విద్యుత్తు గురించి తెలుసుకోవలసిన అసలు సంగతి ఈ ప్రశ్నలోనే ఉంది.

ముందుగా రెండు ముక్కల్లో ప్రాథమిక విషయం. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన వైరు ఫ్యూజు, స్విచ్చు మీదుగా బల్బుకు చేరుతుంది. బల్బు నుంచి బ్యాటరీ మైనస్‌కు తిరిగి రావడానికి మామూలు కారులో పొడవాటి వైరు వెయ్యరు. ఇనుప బాడీయే ఆ తిరుగుదారి. మెకానిక్కులు దాన్నే ఎర్త్ అంటారు. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు. అందుకని ఈ అన్నదమ్ములు వెనక లైట్లన్నిటి ఎర్త్ వైర్లనూ ఒకచోటికి చేర్చి, ఒకే థింబుల్ (వైరు కొసన బిగించే లోహపు రింగు) వేసి, ఛాసీకి ఒకే బోల్టుతో బిగించారు.

ఇప్పుడు వెనక బల్బునొకదాన్ని చేతిలోకి తీసుకోండి. ఒకే గాజుబుడ్డిలో రెండు ఫిలమెంట్లు కనిపిస్తాయి. 21 వాట్లది బ్రేకుకు, 5 వాట్లది పార్కింగ్‌కు. అడుగున రెండు బొడిపెలుంటాయి. ఒకదాంట్లోకి బ్రేకు వైరు నుంచి, రెండోదాంట్లోకి పార్కింగ్ వైరు నుంచి కరెంటు వస్తుంది. లోపలికి దారులు రెండు, బయటికి దారి మాత్రం ఒకటే. రెండు ఫిలమెంట్ల చివరి కొసలూ ఇత్తడి తొడుగు దగ్గర కలుస్తాయి. తొడుగు హోల్డర్‌ను తాకుతుంది, హోల్డర్ నుంచి ఎర్త్ వైరు ఆ బోల్టుకు వెళ్తుంది.

ఆ బోల్టు దగ్గర దారి మూసుకుపోయిందనుకోండి. బ్రేకు తొక్కగానే 21 వాట్ల ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటు ఇత్తడి తొడుగు దాకా వస్తుంది. ముందుకు దారి లేదు. కానీ పక్కనే 5 వాట్ల ఫిలమెంటు కొస ఉంది. ఫిలమెంటు ఒట్టి టంగ్‌స్టన్ తీగ, దానికి ముందూ వెనకా తేడా లేదు. కరెంటు దాంట్లోకి ఎదురెక్కి పార్కింగ్ వైరులోకి వెళ్తుంది. పార్కింగ్ వైరు మీదే మీటరు లైటు కూడా ఉంది, దాని ఎర్త్ శుభ్రంగా ఉంది. కరెంటు అక్కడ దిగి ఇల్లు చేరుతుంది. వెనక నుంచి ముందుకు కారు పొడవునా ఎదురునడిచి, వెలగకూడని దీపాన్ని వెలిగిస్తుంది!

ఇండికేటర్ల కథా ఇదే. వెనక ఇండికేటర్ల ఎర్త్ కూడా ఆ బోల్టే. కరెంటు వాటిలోంచి ఎదురెక్కి, ముందు ఇండికేటర్లలో దిగి ఎర్త్ చేరుతుంది. అంటే బ్రేకు ఫిలమెంటు, వెనక ఇండికేటరు, ముందు ఇండికేటరు ఒకే వరసలో పడి, ఉన్న 12 వోల్టులనూ పంచుకుంటాయి. తలా నాలుగేసి వోల్టులు. ఫిలమెంటు వెలుగు వోల్టేజితో సమానంగా తగ్గదు, ఇంచుమించు మూడున్నరో ఘాతంలో పడిపోతుంది. వోల్టేజి సగమైతే వెలుగు పదో వంతే మిగులుతుంది, మూడో వంతైతే నూటికి రెండు మూడు వంతులు. సన్నటి ఎరుపు కనిపించేది అందుకే.

మరి మల్టీమీటరు 12.6 ఎందుకు చూపించింది? మీటరు అబద్ధం చెప్పలేదు, అడిగినదానికే జవాబిచ్చింది. మేడ మీద నీళ్ళ ట్యాంకు ఉందనుకోండి, పైపు లోపల తుప్పు పేరుకుంది. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ దాని దగ్గర ఒత్తిడి పూర్తిగానే ఉంటుంది. తిప్పినప్పుడే సన్నటి ధార వస్తుంది. మామూలు డిజిటల్ మల్టీమీటరు నిరోధం కోటి ఓములు, అంటే అది తాగే కరెంటు ఆంపియరులో పది లక్షలో వంతు. బోల్టు దగ్గర 20 ఓముల తుప్పున్నా, వెయ్యి ఓములున్నా, అంత చిన్న కరెంటుకు అక్కడ పోయే వోల్టేజి తెర మీద కనిపించదు. వైరు తెగిందా లేదా చూసే బీప్ పరీక్ష కూడా అంతే. చాలా మీటర్లు పదుల ఓముల దాకా కూత పెడుతూనే ఉంటాయి. కానీ 21 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని సొంత నిరోధమే 7 ఓములు. అలాంటి బల్బుకు 20 ఓముల తుప్పు మూసిన తలుపుతో సమానం.

కరెంటు తీసుకుంటే వోల్టేజి కుంగుతుందన్న ఈ సంగతే ఒకప్పుడు జర్మన్ శాస్త్రవేత్త గేయోర్గ్ ఓమ్‌నూ తప్పుదారి పట్టించింది. 1825లో ఆయన మొదట ప్రకటించిన సూత్రం మనం బడిలో చదివినది కాదు. తీగ పొడవుకూ కరెంటు బలానికీ మధ్య లాగరిథమ్ సంబంధం ఉందన్నాడు. ఆయన వాడిన బ్యాటరీ కరెంటు తీసుకోగానే కుంగిపోయేది, కొలతలన్నీ ఆ కుంగుబాటులో మునిగిపోయేవి. అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ బార్లో కరెంటు తీగ పొడవు వర్గమూలానికి విలోమంగా తగ్గుతుందని ప్రకటించి, దూరాలకు టెలిగ్రాఫ్ సాధ్యం కాదని తేల్చేశాడు. అదీ తప్పే. తోటి శాస్త్రవేత్త పోగెన్‌డార్ఫ్ సలహాతో ఓమ్ బ్యాటరీని పక్కన పెట్టాడు. బిస్మత్, రాగి ముక్కలు అతికించి, ఒక అతుకును మరిగే నీటి వేడిలో, ఇంకోదాన్ని మంచు చల్లదనంలో ఉంచి, కుంగని వోల్టేజి సంపాదించాడు. 1826లో అసలు నియమం దొరికింది, 1827లో పుస్తకమైంది. సొంత దేశంలో తగిన ఆదరణ లేదు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కోప్లీ పతకం ఇచ్చింది. కొలిచేటప్పుడు కరెంటు పారుతోందా, ఎంత పారుతోంది అన్నది పట్టించుకోకపోతే కొలతకు అర్థం లేదని ఓమ్ కష్టపడి నేర్చుకున్నాడు.

ఇక ఆ బోల్టు దగ్గర ఏం జరిగింది? గట్టిగా బిగించిన రెండు లోహాలు మొత్తం వెడల్పునా ఒకదాన్నొకటి తాకుతాయనుకుంటాం. తాకవు. ఎంత నున్నటి ఉపరితలమైనా సూక్ష్మంగా చూస్తే కొండలూ లోయలే. కొండ కొనలు మాత్రమే చుక్కలు చుక్కలుగా తాకుతాయి. ఈ చుక్కల శాస్త్రాన్ని పూర్తిగా లెక్కగట్టినవాడు స్వీడన్‌కు చెందిన రాగ్నార్ హోల్మ్. ఆయన సూత్రంతో లెక్కేస్తే, రెండు రాగి ముక్కలు మిల్లీమీటరులో యాభయ్యో వంతు వెడల్పున్న ఒక్క చుక్క దగ్గర తాకినా అక్కడి నిరోధం ఓములో వెయ్యో వంతును కూడా మించదు. వెంట్రుక కన్నా సన్నటి చుక్క రెండు బ్రేకులైట్ల కరెంటునూ మోసేస్తుంది, అది అసలు లోహం అయినంతవరకే. మధ్యలో తుప్పో, చిలుమో, రంగో పొరలా అడ్డుపడితే రూపాయి బిళ్ళంత థింబుల్ కూడా దండగే.

ఉత్తరానికి జవాబు రాయలేక నేనే వెళ్ళాను. తమ్ముణ్ణి బ్రేకు తొక్కి పట్టుకోమన్నాను. మీటరు నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ మైనస్ మేకు మీదే ఆనించి, ఎర్ర ప్రోబ్‌ను వెనక హోల్డర్ ఇత్తడి మీద పెట్టాను. ఎర్త్ బాగుంటే అక్కడ దాదాపు సున్నా రావాలి. 7.4 వోల్టులు వచ్చింది. ప్రోబ్‌ను ఒక్కొక్క అడుగే జరిపాను. ఎర్త్ వైరు మీద 7.4. థింబుల్ మీద 7.4. థింబుల్ పక్కనే ఛాసీ మీద చిన్న గీత గీకి పెడితే 0.03! అర అంగుళం దూరంలో ఏడు వోల్టులకు పైగా మాయమయ్యాయి.

బోల్టు విప్పాం. థింబుల్ కింద ఛాసీకి నల్లటి పౌడర్ కోటింగ్ చెక్కుచెదరకుండా మెరుస్తోంది. "తుప్పు పట్టకూడదని రెండు కోటింగులు వేయించామండీ" అన్నాడు అన్న. ఇన్నాళ్ళూ కరెంటు ఆ పూత మీదుగా కాదు, బోల్టు మరల మీదుగా వెళ్ళింది. కోనసీమ వానలకు ఆ మరలు తుప్పుపట్టాయి. గరుకు కాగితంతో రంగు గీకి ఇనుము తెల్లగా బయటపడేదాకా రుద్ది, పళ్ళున్న వాషర్ వేసి బిగించి, పైన వాజలీన్ పూశాం. మళ్ళీ బ్రేకు తొక్కితే హోల్డర్ మీద 0.05 వోల్టులు. మీటరు లైటు ఆరిపోయింది. వెనక కొబ్బరి మొదళ్ళ మీద ఎర్రటి వెలుగు పడింది.

ఈ పరీక్ష ఉపయోగాలు చెప్పాలంటే స్కూటరు హారన్ నుంచి ఇన్వర్టర్ బ్యాటరీ టెర్మినల్ దాకా చాలా ఉన్నాయి, పద్ధతి మాత్రం ఇదొక్కటే. నా బాధ వేరే. పదో తరగతిలో ఓమ్ నియమం మీద పిల్లల చేత లెక్కలు చేయిస్తాం కానీ, తుప్పుపట్టిన ఒక్క బోల్టు ఇచ్చి, బల్బు వెలుగుతుండగా దాని ఇటూ అటూ కొలవమని ఏ ల్యాబులోనూ అడగం. ఆ ఒక్క పీరియడు ఉండి ఉంటే ఆ అన్నదమ్ములు బ్యాటరీ మార్చేవారు కాదు, బోల్టు విప్పేవారు.