ముందు ల్యాబ్, ఆ తర్వాతే ఫెలోషిప్

పీహెచ్‌డీ చివరి దశకు రాగానే విదేశాల్లో పోస్ట్‌డాక్ చేయాలనుకునేవారు మొదట ఫెలోషిప్‌ల చిట్టా పోగేస్తారు. ఏది ఎంత ఇస్తుంది, ఆఖరి తేదీ ఎప్పుడు అని చూసుకుంటారు. కానీ ముందు వెతకాల్సింది తమ ప్రశ్నలాంటి ప్రశ్న మీదే పనిచేస్తున్న ల్యాబ్‌ని. ఫెలోషిప్‌ల నియమాలే ఆ మాట చెబుతాయి. యూరోపియన్ కమిషన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కి అభ్యర్థి ఒంటరిగా దరఖాస్తు పెట్టలేరు, చేర్చుకునే సంస్థతో కలిసి పెట్టాలి. జర్మనీలోని హంబోల్ట్ ఫౌండేషన్‌కి అక్కడి శాస్త్రవేత్త అంగీకారపత్రం కావాలి. జపాన్‌లో జేఎస్‌పీఎస్ ఫెలోషిప్‌కి నేరుగా పెట్టే దారిలోనైతే దరఖాస్తు పంపేదే అక్కడి ప్రొఫెసర్.

మనవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది కాలం లెక్క. క్యూరీకి పీహెచ్‌డీ తర్వాత పరిశోధనానుభవం 8 ఏళ్లు దాటకూడదు. హంబోల్ట్ పోస్ట్‌డాక్ విభాగంలో పట్టా వచ్చి 4 ఏళ్లు మించకూడదు. క్యూరీ గడువు సాధారణంగా సెప్టెంబర్‌లో ముగుస్తుంది. పట్టా చేతికి రాకపోయినా ఫర్వాలేదు గానీ అప్పటికి వైవా గట్టెక్కి ఉండాలి. థీసిస్ ఇచ్చాక వైవాకి నెలల తరబడి ఎదురుచూడాల్సిన మన యూనివర్సిటీల్లో ఇది చిన్న షరతేమీ కాదు. ప్రొఫెసర్‌తో కలిసి ప్రతిపాదన రాయడానికీ నెలలు పడుతుంది కాబట్టి, ఆయనకు మొదటి మెయిల్ సంక్రాంతి నాటికే వెళ్లాలి.

ముందు ఏదో ఒక ల్యాబ్‌లో ఉద్యోగంలో చేరి, తర్వాత ఫెలోషిప్ చూసుకుంటే పోదా అంటారు కొందరు. అమెరికాకైతే ఆ మాట చాలావరకు సరైనదే. అక్కడ ఎక్కువమంది పోస్ట్‌డాక్‌లకు జీతం ప్రొఫెసర్ గ్రాంట్ నుంచే వస్తుంది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఎఫ్32 ఫెలోషిప్ అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. యూరప్‌లో మాత్రం ఆ లెక్క తప్పుతుంది. గడువుకు ముందు 36 నెలల్లో ఏ దేశంలోనైనా 12 నెలలకు మించి ఉంటే, ఆ దేశానికి క్యూరీ ఫెలోషిప్‌తో వెళ్లే అర్హత పోతుంది. పైగా గ్రాంట్ జీతం మీద చేసేది ప్రొఫెసర్ ప్రాజెక్టు. ఫెలోషిప్ తెచ్చుకున్నవారు తమ సొంత సమస్య మీద పనిచేయగలుగుతారు.

పెద్ద సంస్థల పేరున్నవారికి తప్ప మెయిళ్లకు జవాబులు రావన్న ఫిర్యాదులో కొంత నిజముంది, గైడు పేరు చూసే ప్రొఫెసర్లకు కొరత లేదు. అయితే జవాబు రాని మెయిళ్లలో చాలావరకు పేరు మార్చి వందమందికి పంపినవే. ఆ ల్యాబ్ ఇటీవలి పేపర్‌లో తేలని ప్రశ్న ఏదో, దానికి తమ చేతిలో ఉన్న పద్ధతి ఎలా పనికొస్తుందో నాలుగు వాక్యాల్లో చెప్పిన మెయిల్‌ని పక్కన పెట్టడం అంత తేలిక కాదు. ఫెలోషిప్ వస్తే ల్యాబ్‌కి తన గ్రాంట్ ఖర్చు కాకుండా మనిషి దొరుకుతారన్న సంగతీ ప్రొఫెసర్‌కి తెలుసు. ఇక క్యూరీ మార్కుల్లో సగం పరిశోధన నాణ్యతకు, 30 శాతం ప్రభావానికి, 20 శాతం అమలు ప్రణాళికకు. అభ్యర్థి అర్హతలూ ఆ మొదటి సగంలోనే లెక్కకు వస్తాయి గానీ, ఆలోచన బలంగా లేకుంటే ఏ సంస్థ పేరూ నిలబెట్టదు.

ఇంతా చేసి లాటరీయే కదా అనేవారూ ఉన్నారు. 2024లో క్యూరీకి 10,360 దరఖాస్తులు వస్తే 1,696 ఎంపికయ్యాయి, దాదాపు ఆరింట ఒకటి. కాబట్టి ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. హంబోల్ట్‌కి ఏడాది పొడవునా దరఖాస్తు పెట్టవచ్చు, దేశాలవారీ కోటా కూడా లేదు. క్యూరీ కోసం రాసిన ప్రతిపాదనలోని శాస్త్రం అక్కడా పనికొస్తుంది. క్యూరీలో 85 శాతం మార్కులు దాటి నిధులు అందనివారికి నాణ్యతా ముద్ర ఇస్తారు. దాన్ని చూసి కొన్ని యూరప్ దేశాలు తమ సొంత డబ్బుతో ఆ ప్రాజెక్టులను చేపడుతున్నాయి.